మిద్దెమీది నెట్టు

చాకవేలు
జూన్ 9

నా చెల్లెలు మునిలక్ష్మికి అక్కయమ్మ రాసుకునేది. నేను ఊపిరితోనే ఉండాను. నువ్వూ నీ పిల్లాజెల్లా ఎట్లుండారో తెలీక నాలుగు దినాల నుంచి నాకు కన్ను మూతపడలేదు.

ఫోను చేయొచ్చు గదా అంటావు. మా ఊర్లో సిగ్నలు గుట్టమీద తప్ప దొరకదు. ఎక్కను కాళ్ళు రావు. ఎక్కినా, అక్కడ నిలబడి నేను అరిస్తే నీకంటే ముందు ఊరందరికీ వినపడతాది. పోయిన తడవ నా కడుపునొప్పి సంగతి నీకు చెప్పి దిగొచ్చేలోపల కొండప్ప పెండ్లాము వామునీళ్ళు కాచి గడపమీద పెట్టింది. నాలుగో క్లాసు చదివిన చెయ్యి నాది, తప్పులుంటే సర్దుకోండి. జాబే మేలు.

కొత్త సంగతి ఒకటుండాది. మా మిద్దెమీద కడ్డీ నాటినారు. బెంగళూరు నుంచి ఒక సంస్థవాళ్ళు వచ్చి, పల్లెజనానికి తక్కువకే ఇంటర్నెట్టు ఇస్తామని పంచాయితిలో మీటింగు పెట్టిరి. బాగేపల్లి దిక్కుకు అడ్డం లేని మిద్దె నాదొక్కటేనంట. కడ్డీకి చివర తెల్ల తట్ట మాదిరి ఒకటి, కింద నా పడకగదిలో దీపాలు మిణికే డబ్బా ఒకటి. ఆ డబ్బా నుంచి తీగె గ్రంథాలయానికి పోతాది. అక్కడ కంప్యూటరు పెట్టినారు. చూసుకోను గంగప్ప అల్లుడు నాగేశ్‌ను పనికి పెట్టుకున్నారు. ఇద్దరు బిడ్డల తండ్రి, నెమ్మదైన మనిషి.

ఆయప్ప నాకు ఒకే మాట చెప్పినాడు. "పెద్దమ్మా, ఏం జరిగినా ఈ పిన్ను మాత్రం పీకద్దు. పిడుగు పడితే భూమిలోకి పోయేదానికి వేరే తీగె ఉండాది." చెప్పి పిన్నుకు గోడకు కలిపి టేపు అంటించినాడు. సరేనప్పా అన్నా. అన్నా గానీ మీ బావ ఎట్ల పోయినాడో నీకు నేను చెప్పల్లనా? వానలో మోటరు ఆపను పోయి స్టార్టరు మీద చెయ్యి పెట్టినాడు, ఉరిమింది. ఇరవైరెండేండ్లాయె. ఉరిమితే ఈ పొద్దుకీ నా ఇంట్లో ఒక్క పిన్ను గోడలో ఉండదు. ఇప్పుడు ఇది ఒకటి తెచ్చి తలాపున పెట్టుకున్నా. ఎందుకు ఒప్పుకుంటినో.

ఇంకొకటి. నా ఎడమ కంట్లో పొర వచ్చింది. వచ్చే నెల బాగేపల్లిలో తీస్తారంట. ఒంటిదాన్ని, నాకా కడుపు పండలేదు, మందు వేసేవాళ్ళెవరు? మీ భానును పంపియ్యి. దాని సీఈటీ పరీక్ష అయిపోయింది గదా. సీటు పనులన్నీ కంప్యూటర్లోనే అంటివి. పెద్దవ్వ ఇంటిమీదే నెట్టు పెట్టుకొని, మీ చింతామణిలో సైబరంగడి ముందర వరసలో ఎందుకు నిలబడల్ల?

జవాబు తొందరగా రాయి. ఆలస్యమైతే ఏదో జరిగిందనుకుంటా.

అక్కయమ్మ


చింతామణి
జూన్ 20

అక్కకు మునిలక్ష్మమ్మ దండాలు. చెప్పేది నేను, రాసేది నా మనవరాలు భాను.

నీ చేతిలో తప్పులుండాయంటివి. నా చెయ్యి తప్పులు చేసేంత చదువు కూడా చదవలేదు. అమ్మ నిన్ను నాలుగేండ్లు స్కూలుకు పంపి, నన్ను మేకల వెనక పంపె. అందుకే నీకు దిగులు పడను తీరిక, నాకు తిట్టను నోరు.

భానును పంపిస్తాము. వాళ్ళ నాయన మోహన ముందు కుదరదన్నాడు. టమోటా బండి తోలి రాత్రికి ఇంటికొస్తే కూతురు కండ్లెదుట ఉండల్లంట. నేను గట్టిగా అడిగినా, "మా అక్క గుడ్డిదైతే నువ్వు పోయి చెయ్యి పట్టుకొని నడిపిస్తావేంరా?" అని. పోయి బస్సు ఎన్నింటికో కనుక్కొని వచ్చినాడు.

ఒక్కటి గుర్తుపెట్టుకో అక్కా. దీనికి నర్సింగు సీటు రావల్ల. వాళ్ళమ్మ చేతులు నువ్వు చూసినావు. గూళ్ళు ఉడికే నీళ్ళలో పద్దెనిమిదేండ్లు పట్టుదారం తీసి తీసి, రేషనంగడి మిషను కూడా ఆ వేలిని పట్టదు. "ఈ వేలు ఎవరిదమ్మా?" అంటాడు వాడు. ఆ తొట్టి దగ్గరికి ఈ పిల్ల పోగూడదు. అదొక్కటే నా ఆశ. నీ ఇంట్లో నెట్టు ఉండాదంటే నా మనసు కుదుటపడింది.

భాను ఆదివారం పొద్దున బస్సుకు వస్తాది. అది అక్కడుండంగా నీ జాబులు పక్కింటి మంజుశ్రీతో చదివించుకుంటా. ఆ పిల్లకు నోట్లో నువ్వుగింజ నానదు, రహస్యాలేమన్నా ఉంటే రాయద్దు.

మునిలక్ష్మమ్మ

పెద్దవ్వా, ఇది భాను. దిగులు పడద్దు, వస్తాండా. నీ డబ్బాను చూడల్లని నాకూ ఆశగా ఉండాది.


చాకవేలు
ఆగస్టు 17

చెల్లికి అక్కయమ్మ.

కన్ను తెరుచుకుంది. గోడమీద బల్లి ఎన్ని కాళ్ళమీద పాకుతాండాదో కూడా కనపడతాది. ఇప్పుడు ఆ బల్లి నామీద పడతాదేమోనని ఇంకొక దిగులు.

భాను గురించి నువ్వు దిగులు పడద్దు, నేను చాలు. పిల్ల బంగారం. పొద్దున నాకు మందు వేసి, సంగటి కెలికి, మధ్యాన్నం గ్రంథాలయానికి పోతాది. అది రెండుకు గానీ తెరవరు, చూసుకునే లక్ష్మీనరసమ్మ బాగేపల్లి నుంచి బస్సుకు రావల్ల. అక్కడ ఆడోళ్ళకు పింఛను వచ్చిందా లేదా చూసి చెప్తాదంట. టమోటా రేటు చింతామణిలో ఎంత, కోలారులో ఎంత అని రైతులు దీన్నే అడుగుతాండారు. నిన్న కొండప్ప నన్ను దావలో నిలబెట్టి "ఏమక్కా, మీ ఇంటిమీద నెట్టూ మీదే, మనవరాలూ మీదే, ఇంక పంచాయితి కూడా మీరే చేసేయండి" అనె.

కింది వీధివాళ్ళకు నెట్టు అందదంట. సాయంత్రమైతే ఆ పిల్లలంతా వచ్చి నా అరుగుమీద కూర్చొని ఫోన్లు నొక్కుకుంటారు. మునుపు అరుగెక్కనివాళ్ళు. పైవీధివాళ్ళు నన్ను గొణుగుతాండారు. నేనేం చేయల్ల, పొమ్మనను నోరు రాలేదు, రమ్మననూ రాలేదు.

పోయిన బేస్తవారం భాను తన ఫోన్లో నీ మొగం చూపించింది గదా. ఎంత చిక్కిపోయినావే! నిన్ను చూస్తానే చెప్పాలనుకున్నవన్నీ మరిచిపోతి. నువ్వూ "కన్నెట్లుండాది, కన్నెట్లుండాది" అని అదే అడిగితివి. మొగాలు చూసుకుంటే మాటలు రావు మనకు.

సీటు పట్టీ వచ్చే నెల పెడతారంట. నిన్న కొంచెం ఉరిమింది. టీవీ పిన్ను పీకినా, మిక్సీది పీకినా. డబ్బాది పీకబోతే భాను చెయ్యి పట్టుకొని, "పెద్దవ్వా, అది నీ ఒక్కదానిది కాదు, ఊరిది" అనె. అప్పటికి ఊరకుంటి.

అక్కయమ్మ


చాకవేలు
సెప్టెంబరు 21

మునిలక్ష్మీ,

ఈ జాబు భాను చేతికే ఇచ్చి పంపుతాండా. దాని మొగం చూడు, జాబు తరువాత చదివించుకో. దాన్ని ఏమీ అనద్దు.

బేస్తవారం సాయంత్రం సీటు వచ్చిందని తెలిసింది. చిక్కబళ్ళాపురంలో, సర్కారు నర్సింగు కాలేజి. పిల్ల నన్ను ఎత్తి తిప్పింది. శనివారం సాయంత్రం అయిదులోపల కాయితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఒప్పుకుంటానని బటను నొక్కల్ల, లేకుంటే సీటు ఇంకొకరికి పోతాదంట. మోహనది నెట్టు లేని చిన్న ఫోను గదా, శుక్రవారమంతా గుట్టమీదే ఉండె పాపం, వాణ్ణి ఒప్పిస్తా. హాస్టలంటే వాడు వద్దు వద్దని, పొద్దు గూకినాక సరేననె.

శనివారం గ్రంథాలయం తెరిచింది రెండుకు. మార్కుల కార్డు, జాతి పత్రం మిషనులో పెట్టి ఎక్కిస్తాండె. మూడింటికి మబ్బు కమ్మింది. అట్ల ఉరిమింది నేను పుట్టినాక చూడలేదు. మూడుంబావుకు నెట్టు పోయింది. ఎందుకు పోయిందో ఆ దేవునికే తెలియల్ల. నేను ఇంట్లో దుప్పటి కప్పుకొని అర్జునా ఫల్గుణా అని చదువుకుంటా పడుకోనుండా, నాకేం తెలుస్తాది? నాగేశ్ వానలోనే గుట్టెక్కి బెంగళూరుకు ఫోను చేసినాడంట. వాళ్ళు చూస్తామన్నారంట. పిల్ల నాలుగు దాకా కాచుకొని, గంగప్ప బండెక్కి బాగేపల్లికి బయల్దేరింది. వాగు దావ మీదికి వచ్చిందంట. ఊర్లో కరెంటు లేక సైబరంగడి మూసినారంట. ఇంకొకటి వెతుక్కొని కూర్చునేలోపల అయిదూ ఇరవై.

చెప్పగూడదు గానీ చెప్తా. నాలుగూముక్కాలుకు మా ఊర్లో నెట్టు తిరిగొచ్చింది. అప్పటికి పిల్ల వాగు దగ్గర తడుస్తాండె.

సంస్థవాళ్ళ వంశం నాశనమైపోను. తక్కువకు ఇస్తామని తక్కువదే తెచ్చి నాటినారు. నేను మొదటే అంటి. నా మిద్దెమీద వద్దని నేను గట్టిగా అనుంటే అయిపోయుండు.

రాత్రంతా పిల్ల ఏడవలేదు. అదే నాకు భయం. బట్టలు సర్దుకుంటా నన్ను అడిగింది, "పెద్దవ్వా, నువ్వు తిన్నావా?" అని.

అక్కయమ్మ


చింతామణి
సెప్టెంబరు 28

అక్కకు మునిలక్ష్మమ్మ. రాసేది భాను.

మోహన మూడు దినాలు దాంతో మాట్లాడలేదు. నాలుగో దినం మాట్లాడినాడు, మాట్లాడకుండా ఉండుంటేనే బాగుండు. "మన చింతామణిలో వీధికి నాలుగు నెట్టులు. నువ్వు పోయి పోయి గుట్టెక్కి సిగ్నలు వెతికే ఊర్లో సీటు పోగొట్టుకొని వస్తివి" అన్నాడు. నన్ను చూసి, "మీ అక్క పిలిచె, నువ్వు పంపితివి" అన్నాడు. ఆ మాటకు జవాబు నీకుందా?

బెంగళూరులో సీట్లిచ్చే ఆఫీసుకు మోహన, భాను పోయొచ్చిరి. అక్కడొకామె మంచిది. మిగిలిపోయిన సీట్లకు ఇంకొక తడవ పిలుస్తారంట. తన తప్పు లేకుండా నెట్టు పోయిందని రుజువు తెస్తే ఈ పిల్ల పేరు అందులో చేర్చను పైవాళ్ళను అడుగుతా, ఖాయమని చెప్పలేను అన్నాదంట. అక్టోబరు పదిలోపల ఇయ్యల్ల.

సంస్థవాళ్ళను అడిగితే మా తప్పు లేదన్నారు. వాళ్ళ కంప్యూటరు అన్నీ రాసిపెట్టుకుంటాదంట. ఆ దినం మూడుంబావు నుంచి నాలుగూ ఇరవై దాకా ఇంట్లో డబ్బాకే కరెంటు లేదని, కరెంటు వచ్చినాక నెట్టు పట్టుకోను ఇంకొక అరగంట పట్టిందని చూపించినారు. కరెంటాఫీసులో అడిగితే ఆ పొద్దు చాకవేలుకు కరెంటు పోనే లేదని రాసిచ్చినారు. ఇద్దరూ తప్పించుకున్నారు, మధ్యలో మనం.

అందుకే అడుగుతాండా అక్కా. ఆ దినం మూడుంబావుకు నీ ఇంట్లో ఏం జరిగింది? కరెంటు పోయిందా? పిన్ను ఊడిందా? ఎవరన్నా పీకినారా? ఎట్ల జరిగినా సరే, ఎవరూ ఏమీ అనరు. "ఈ ఇంటిదాన్ని నేను, మా ఇంట్లో ఇట్ల జరిగి నెట్టు పోయింది" అని ఒక్క ముక్క రాసి సంతకం చేసి పంపితే చాలు. పిల్ల తప్పు లేదని తెలుస్తాది.

వెంటనే రాయి. పది తేదీ.

మునిలక్ష్మమ్మ


చాకవేలు
అక్టోబరు 7

చెల్లికి అక్కయమ్మ.

నీ జాబు అందింది. నాలుగు దినాలు జరం, అందుకే చెయ్యి లేవలేదు. జరం ఎందుకొచ్చిందో తెలీదు. కన్ను కూడా నీళ్ళు కారతాండాది. డాక్టరు ఆపరేషను సరిగ్గా చేసినాడో లేదో.

పోయిన నెల వానలు ఎక్కువై చెనక్కాయ భూమిలోనే మొలకెత్తింది. కొండప్ప ఆవు దూడనేసింది. దసరాకు బెల్లం ధర ఎట్లుండాదో చూసినావా? మనుషులు తినేటట్లు లేదు. మోహనకు బండి మెల్లగా తోలమని చెప్పు, వానలో బ్రేకు పట్టదు. నీ కోడలు చేతులకు కొబ్బరినూనె రాయమను. మంజుశ్రీ వాళ్ళమ్మకు ఒళ్ళు బాగలేదంటివి, తగ్గిందా?

నాగేశ్‌ను పనిలోనుంచి తీసేసినారు. డబ్బాను సరిగ్గా చూసుకోలేదంట. పాపం. ఎవరి కర్మ ఎట్ల రాసుంటాదో.

నువ్వడిగిన కరెంటు సంగతి. నాకేం తెలుసు తల్లీ, దుప్పటి కప్పుకొని పడుకున్నదాన్ని, చదువు రానిదాన్ని. పెద్ద పెద్ద కంప్యూటర్లే చెప్పలేనిది నేనేం చెప్తా? నేను ఏమన్నా రాసిస్తే రేపు కోర్టూ కచేరీ అని తిప్పితే ఎవరు తిరగల్ల? దేవుడు మేలు చేస్తాడు. భానుకు ఇంకా మంచిదే వస్తాది.

అక్కయమ్మ


చింతామణి
నవంబరు 4

అక్కకు.

అర్జీ తిరిగొచ్చింది. కారణం చాలదని రాసినారు. ఆ సీటులో చేరిన పిల్ల ఎవరో, యాడిదో, నాకు తెలీదు. చల్లగా ఉండనీ.

పోయిన సోమవారం నుంచి భాను వాళ్ళమ్మతో పట్టుదారం కార్ఖానాకు పోతాండాది. మొదటి దినం సాయంత్రం వచ్చి చేతులు చల్లనీళ్ళ బిందెలో పెట్టుకొని కూర్చునె. నేను అన్నం కలిపి నోట్లో పెట్టినా. వచ్చే యేడు మళ్ళీ పరీక్ష రాయొచ్చని ఎవరో అంటే మోహన అన్నం తట్ట విసిరికొట్టినాడు.

నీ బెల్లం ధర చూసినాము. ఇక్కడా అట్లనే ఉండాది.

ఇంక రాయను ఏమీ లేదు.

మునిలక్ష్మమ్మ


చాకవేలు
డిసెంబరు 2

మునిలక్ష్మీ,

ఈ జాబు నీకు చదివేది భాను అని తెలిసే రాస్తాండా. మంజుశ్రీతో చదివించద్దు.

పిన్ను నేనే పీకినా.

ఆ దినం మొదటి ఉరుముకు టీవీది పీకినా, మిక్సీది పీకినా. రెండో ఉరుముకు మంచమెక్కినా. మూడోది ఇంటిమీదే పడినట్లాయె. గోడ అదిరింది. డబ్బా దీపాలు తలాపున మినుకుమినుకుమంటాండె. నాకు మీ బావ చెయ్యి కనపడింది, స్టార్టరు మీద. ఎట్ల లేచినానో, టేపు ఎట్ల ఒలిచినానో తెలీదు. గోరు విరిగింది. పిల్ల పని ఈపాటికి అయిపోయుంటాదిలే అని మనసుకు చెప్పుకుంటి. లేదు, అట్ల కూడా అనుకోలేదు. దిగులులో ఏమీ అనుకోలేదు. దుప్పటి ముసుగేసుకుంటి.

చాలాసేపటికి తలుపు దబదబ బాదినారు. "పెద్దమ్మా, పెద్దమ్మా, డబ్బాకు కరెంటుండాదా చూడు!" నాగేశ్. అప్పుడు గుర్తొచ్చింది. నేను తలుపు తీసి, అప్పా నేనే పీకినా అని చెప్పుంటే ఏమయ్యుండు? ఆయప్ప ఎవరినన్నా బండిమీద పంపి వాగు దగ్గర పిల్లను నిలిపి వెనక్కి పిలిపించుండు. అప్పటికి నాలుగూ ఇరవై. నేను ఏం చేసినానో తెలుసునా? ముందు పిన్ను గోడలో పెట్టినా, టేపు నాలికతో తడిపి అంటించినా, తరువాత తలుపు తీసినా. ఆయప్ప వచ్చి చూస్తే ఎర్ర దీపం వెలుగుతాండె. "డబ్బా బాగుండాది పెద్దమ్మా, తప్పు బెంగళూరులోనే" అని పాపం నాకే ధైర్యం చెప్పి పోయె.

నీ జాబు వచ్చినాక ఏడు తడవలు చదువుకుంటి. కాయితం తీసుకుంటి. "మా ఇంట్లో" అని రెండు మాటలు రాస్తి. ఊర్లో తెలిస్తే ఏమంటారు, మోహన నా గడప తొక్కుతాడా, సంస్థవాళ్ళు పోలీసులను పిలుస్తారేమో, నీ మొగం నేనెట్ల చూసేది. ఒక దిగులు పోతే ఇంకొక దిగులు. పది తేదీ పోయింది. పోయినాక, ఇప్పుడు చెప్పి ఏం లాభమని ఇంకొక నెల.

మొన్న సంస్థవాళ్ళు వచ్చి డబ్బా, కడ్డీ, తట్ట అంతా విప్పుకొని పోయిరి. ఈ ఊర్లో నడవదు, ఫిర్యాదులు ఎక్కువ, అన్నారు. కింది వీధి పిల్లలు దూరంగా నిలబడి చూసిరి. అరుగు ఇప్పుడు ఖాళీగా ఉండాది. నా పడకగది చీకటిగా ఉండాది. నిద్ర మాత్రం రాలేదు.

తిట్టు. తిట్టను నోరుందంటివి గదా. ఏమన్నా అను, రాయకుండా మాత్రం ఉండద్దు.

మీ అక్క


చింతామణి
డిసెంబరు 11

పెద్దవ్వకు భాను రాసేది. ఈ జాబు అవ్వ చెప్పి రాయించేది కాదు. నేనే రాస్తాండా.

నీ జాబు నేను అవ్వకు చదవలేదు. చదివినట్లు చదివినా. కన్ను బాగుండాదని, చెనక్కాయ పలచగా పండిందని, అందరికీ ఆశీర్వాదమని. అవ్వ, "అంతేనా? మా అక్క రెండు పక్కలు నింపి ఇంతేనా చెప్పింది?" అనె. అక్షరాలు పెద్దగా రాసింది అవ్వా అని చెప్పినా. నమ్మింది. ఆమెకు చదువు రాకపోయేది నీకూ నాకూ ఎంత అనుకూలమో చూడు.

ఎందుకు చదవలేదంటే, అవ్వకు పుట్టినింటి దిక్కున మిగిలింది నువ్వొక్కదానివే. నువ్వు ఇది చెప్పి భారం దించుకున్నావు. అవ్వ యాడ దించుకోవల్ల? అందుకే నా దగ్గరే పెట్టుకుంటి.

ఇంకొకటి కూడా తెలుసుకో. సెప్టెంబరు జాబులో ఆ దినం నీ ఇంట్లో ఏం జరిగిందని అడిగింది అవ్వ కాదు. నేను చేర్చినా. మూడుంబావు నుంచి నాలుగూ ఇరవై అని వాళ్ళు చూపించిన పొద్దే నాకు తెలిసిపోయింది. నీతో మూడు నెలలుంటి, ఉరిమితే నీ చెయ్యి యాడికి పోతాదో నాకు తెలీదా? పిన్ను ఊడిందా అని కూడా రాసినా చూడు. ఊడిందని అబద్ధం చెప్పుకోను కూడా నీకు దావ పెట్టిస్తి. అదైనా రాసుంటే చాలు. పది తేదీ సాయంత్రం దాకా పోస్టతని కోసం గడపలో కూర్చుంటి. ఆయప్ప బెల్లం ధర తెచ్చిచ్చె.

పిన్ను పీకినందుకు నాకు కోపం లేదు పెద్దవ్వా. తాత సంగతి నాకు తెలుసు. వాన పడిన ఆ ఒక్క గంట నేను నీకు మాఫీ చేసినా. ఆ తరువాత నువ్వు బెల్లం ధర రాసేదాకా పదిహేడు దినాలు ఎండ కాసింది. ఆ దినాలకు మాత్రం మాఫీ చేయను నాకు చేతకాలేదు.

ఆ సంస్థవాళ్ళు మీటింగులో ఏం చెప్పినారో నువ్వే నాకు చెప్పినావు, బీదాబిక్కీ అందరికీ నెట్టు అని. అందరికీ ఇస్తారు, పిన్ను మాత్రం మిద్దె ఉండే ఒకరింట్లో పెడతారు. నేను నీ మనవరాలిని కాబట్టి నా సీటు ఒక్కటి తెలిసింది. నీ అరుగుమీద కూర్చున్న పిల్లలవి, ఆ గంటలో ఎవరివి ఏమేమి పోయినాయో ఎవరన్నా అడిగినారా?

ఇప్పుడు నువ్వు చేయాల్సింది రెండు. నాగేశన్నకు చెప్పు. గుట్టమీద కాదు, ఇంటికి పోయి, వాళ్ళ బిడ్డల ముందర కాదు, వాళ్ళ మామ గంగప్ప ముందర చెప్పు. ఆయప్పను అందరూ తిన్నింటికి ద్రోహం చేసినవాడంటాండారంట.

రెండోది, అవ్వకు ఎప్పటి మాదిరే రాయి. దిగులుగానే రాయి. నీ జాబులో దిగులు లేకుంటే ఆమెకు అనుమానం వస్తాది. ఈ సంగతి మాత్రం ఇంకెప్పుడూ కాయితం మీద పెట్టద్దు. చదివేదాన్ని నేను. ప్రతి తడవా దాన్ని దాటుకొని చదవను నాకు ఓపిక లేదు. కార్ఖానా నుంచి వచ్చేటప్పటికే వేళ్ళు మంటగా ఉంటాయి.

భాను


చాకవేలు
డిసెంబరు 23

నా చెల్లెలు మునిలక్ష్మికి అక్కయమ్మ.

ఇక్కడ నేను బాగుండాను. చలి ఎక్కువగా ఉండాది, మోకాళ్ళు పట్టేసినాయి. నీకు దగ్గు వస్తాదేమోనని దిగులు. చెవులకు గుడ్డ కట్టుకో. అనపకాయలు కాసినాయి, కొండప్ప బండి అటు వస్తే ఒక సంచి పంపిస్తా, పురుగులుంటే ఏరుకోండి. నిన్న పిల్లి పాలు తాగిపోయింది, తలుపు వేసినానా లేదా అని రాత్రి నాలుగు తడవలు లేచినా. మోహన బండి మెల్లగా తోలుతాండాడా?

గంగప్ప ఇంటికి పోయొచ్చినా. నాగేశ్ కూడా ఉండె. చాలాసేపు కూర్చొని మాట్లాడి, ఇచ్చిన మజ్జిగ తాగి లేచినా. గంగప్ప కూతురు మాత్రం నేను తాగిన లోటాను నా ముందరే కడిగింది. ఆ పని పోయినాక నాగేశ్ ఇటుకల బట్టీకి పోతాండాడు. దావలో ఎదురైతే మునుపు పెద్దమ్మా అని నిలబడేవాడు, ఇప్పుడు పనుందని పోతాడు. పాపం, పనుంటాది గదా.

నువ్వు నాకు జాబు రాయిస్తాండావు, అదే నాకు చాలు. నేను నీకు అన్నీ రాస్తాండా. మనకేం దాపరికముండాది?

భానును ఈ జాబు గట్టిగా చదవమను, నీకు చెవులు మందం. మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాట విడవకుండా చదవమను. దాటుకొని పోయేదేమీ ఇందులో లేదు.

అక్కయమ్మ